సుప్రియను ఒక మాట అడగండి

మైపాడు సముద్రానికి పోయే దారిలో, రొయ్యల గుంటల నడుమ ఒక చిన్న ఊరుంది. ఆ ఊళ్లో మాలకొండమ్మను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. డాక్టరమ్మ వాళ్లమ్మ అంటారు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్లకైతే ఆమె అసలు పేరే తెలియదు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా ఆమె విననట్టే కొంగు సర్దుకుంటుంది. కానీ ఆ పూట కోడలు కూరలో ఉప్పు వేయడం మరిచిపోయినా ఒక్క మాట అనదు.

కూతురు సుప్రియ నెల్లూరు పెద్దాసుపత్రిలో మెదడు డాక్టరు. అందులోనూ పక్షవాతం ఆమె పని. కాలూ చెయ్యీ పడిపోయి, మూతి ఒక పక్కకు పోయి, నోట మాట లేకుండా వచ్చినవాళ్లను చూస్తుంది. చూడడమే కాదు, ఎట్లా చూడాలో చదువుకునే డాక్టర్లకు నేర్పుతుంది. ప్రొఫెసరు. ఈ రెండో సంగతి దగ్గరే మాలకొండమ్మకు కాస్త చిక్కు.

ఎదురింటి మాల్యాద్రి కొడుకు ఎముకల డాక్టరు. నెల్లూరులో అద్దాల మేడ కట్టి నర్సింగ్ హోము పెట్టాడు. పొద్దుగూకితే మేడ మీద అతని పేరు ఎర్రగా వెలుగుతుంది. మాల్యాద్రి మంచివాడే గానీ నోరు ఊరుకోదు.

"ఏం వదినా, పాప ఇంకా పిలకాయలకి పాఠాలు చెప్పుకుంటానే ఉండాదా? అంత డాక్టరీ చదివి కడాకు బడిపంతులమ్మ అయిందే" అనేవాడు.

మాలకొండమ్మ కూడా నవ్వేది. నవ్వి, ఇంట్లోకి వచ్చాక గిన్నెలు కాస్త గట్టిగా పెట్టేది. అందుకే ఎవరడిగినా "మా అమ్మాయి పక్షవాతం డాక్టరు" అనే చెప్పేది. పాఠాల సంగతి ఎత్తేది కాదు.

సుప్రియ ఆ చదువే ఎందుకు చదివిందో ఊరంతా ఒక కథ చెప్పుకుంటుంది. మాలకొండమ్మ భర్త హజరత్తయ్య, దర్గాకు మొక్కుకుంటే పుట్టినవాడు, నాట్ల రోజుల్లో గట్టు మీద నిలబడి కూలీలను కేకేస్తూ కేకేస్తూ అట్లాగే ఒరిగిపోయాడు. కుడిపక్క పడిపోయింది. అప్పుడు సుప్రియ మెడిసిన్ చదువుతూ హాస్టల్లో ఉంది. పెద్దవాళ్లంతా కూడి, ఆయన్ను చిల్లకూరు అవతల పసరు పోసే మనిషి దగ్గరికి తీసుకుపోయారు. అతను ముక్కులో ఆకుపసరు పిండి, పప్పు తినొద్దు, తలకు పోసుకోవద్దు అని పథ్యం చెప్పాడు. అక్కడ తగ్గకపోతే ఇంకొకరి దగ్గరికి. సుప్రియ కబురందుకుని వచ్చేసరికి జరగాల్సింది జరిగిపోయింది. ఆ తర్వాత రెండేళ్లు బతికాడు హజరత్తయ్య. ఆ రెండేళ్లూ పెయ్యదూడనూ పెళ్లాన్నీ ఒకే మాటతో పిలిచేవాడు. పిలిస్తే ఇద్దరూ పలికేవాళ్లు.

నాయన కోసమే ఆ పిల్ల అంత చదువు చదివిందని మాలకొండమ్మ చెప్పేది. ఒకసారి సుప్రియ చెవిన పడింది.

"అది మీరు కట్టుకున్న కథమా. నాయన పడిపోయినాడని ఏడ్చినా. మెదడంటే ఇష్టమయి చదివినా. రెండూ వేరే" అంది.

మాలకొండమ్మకు ఆ జవాబు నచ్చలేదు. తన కథే తను చెప్పుకుంటూ పోయింది.

సుప్రియ పై చదువులు మద్రాసులో చదివింది. అక్కడే పెద్ద ప్రైవేటు ఆసుపత్రివాళ్లు రమ్మన్నారు. కొన్నాళ్లు చేసింది కూడా. ఉన్నట్టుండి ఒకనాడు అది వదిలేసి నెల్లూరు సర్కారు ఆసుపత్రికి వచ్చేసింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నారు అందరూ. మాలకొండమ్మ కూడా అనుకుంది, పైకి అనలేదు.

అప్పట్లో ఆ ఆసుపత్రిలో పక్షవాతానికని వేరే గది లేదు. రోగులు వచ్చేదే మూడో రోజో నాలుగో రోజో, ముక్కులో పసరు ఇంకా ఆరకముందు. సుప్రియ వాళ్ల పక్కన కూర్చుని, పడిపోయాక మొదట ఎక్కడికి పోయారు, ఎవరు పొమ్మన్నారు, ఆ తర్వాత ఎక్కడికి అని అడిగేది. ఏళ్ల తరబడి అడిగింది. కోపం చూపకుండా అడగడం ఆమెకు తెలుసు గనక జనం నిజం చెప్పేవాళ్లు. కోస్తా పొడుగునా మనుషుల కాలూ చెయ్యీ రోగం వల్ల పోయేదానికంటే దారిలో పోయేదే ఎక్కువని ఆమె తేల్చింది. దాన్ని ఢిల్లీలో డాక్టర్ల సభలో చదివింది, విదేశాల్లో చదివింది. వాళ్ల పత్రికల్లో అచ్చయింది. ఆ అచ్చు పట్టుకుని పై అధికారుల చుట్టూ తిరిగి వార్డు సాధించింది. స్కానింగ్ గదిని అత్యవసరం వాకిలి పక్కకు మార్పించింది. గేటు కాడి వాచ్‌మన్ నుంచి 108 బండి మనుషుల దాకా అందరికీ నేర్పింది. మెదడులో రక్తం గడ్డ అడ్డం పడితే, నాలుగున్నర గంటల లోపల సూది మందు పడాలి. ఎంత ముందు పడితే అంత మనిషి మిగులుతాడు. ఆలస్యమయ్యేకొద్దీ ఆ మందు ఉండీ లేనట్టే. ఆమె చదువంతా ఆ ముక్కలోనే ఉందని మాలకొండమ్మ అనుకునేది.

ఒకసారి నెల్లూరుకు చీరలు కొనడానికి పోయి, కూతురి వార్డు చూద్దామని పోయింది. సుప్రియ ఒక మంచం పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉంది. చుట్టూ తెల్లకోట్ల పిలకాయలు. వాళ్లే రోగి చెయ్యి ఎత్తి చూస్తున్నారు, వాళ్లే నాలుక చాపమంటున్నారు, సూది కూడా వాళ్లే వేస్తున్నారు. సుప్రియ ప్రశ్నలు మాత్రం వేస్తోంది. బయటికి వచ్చాక మాలకొండమ్మ ఉండబట్టలేక అడిగింది, నువ్వేం చెయ్యవా అని.

"నేనే చేస్తా ఉంటే వాళ్లెప్పుడు నేర్చుకుంటారుమా?"

నిజమే. కానీ మాలకొండమ్మ మనసులో తన కూతురు సూది పట్టుకుని ఉంటుంది, చచ్చేవాణ్ని లేపి కూర్చోబెడుతుంది. వార్డులో చూసింది ఆ బొమ్మకు అతకలేదు. ఊరికి వచ్చాక ఎవరికీ ఆ సంగతి చెప్పలేదు.

పోయినేడు సుప్రియ ఊళ్లో మీటింగు పెట్టింది. స్కూలు ఆవరణలో కుర్చీలు వేయించింది. మూతి వంకరపోయినా, చెయ్యి లేవకపోయినా, మాట తడబడినా ఏమీ ఆలోచించకుండా 108కి ఫోను చేయండి, పసరుకు పోవద్దు, నోట్లో నీళ్లు కూడా పోయొద్దు అని చెప్పింది. చివర్న ఇంకో మాట అంది. నాకు ఫోన్ చేసి కూర్చోవద్దు. నేను ఎక్కడుంటానో ఏమో. నా కోసం ఆగితే ఆగినంతా నష్టమే.

మాలకొండమ్మ ముందు వరసలో కూర్చుని అన్నీ వింది. సుప్రియ కారెక్కి పోయాక ఆడవాళ్లు చుట్టూ చేరారు. అప్పుడామె అంది.

"అది అట్టే అంటాది. మీరు మాత్రం ఏ సూదైనా మందైనా మా సుప్రియను ఒక మాట అడిగి ఏయించుకోండి. మన బిడ్డ ఉండగా ఎవరో ముక్కూ మొగం తెలీనోళ్ల చేతిలో పడడమేంది?"

గొప్ప కోసం అన్న మాట కాదు. ప్రేమతోనే అంది. గొప్ప కూడా కాస్త ఉంది. ఊరు ఆ మాటను పట్టుకుంది. ఎవరికి తల తిరిగినా మొదట పెంచలకృష్ణకు ఫోను. పెంచలకృష్ణ మాలకొండమ్మ కొడుకు, సుప్రియకు అన్న, రొయ్యలు పెంచుతాడు. అతను "ఉండండి, చెల్లెలికి కొడతా" అని గుంట గట్టు మీద నిలబడి, నలుగురూ వినేట్టు మాట్లాడేవాడు. ఆ పని అతనికి చాలా ఇష్టం. సుప్రియ తిట్టేది. అతను సరే సరే అనేవాడు. మళ్లీ ఫోను వస్తే మళ్లీ అదే.

ఆ రోజు పెంచలకృష్ణ గుంటలో రొయ్యల పట్టుబడి. తెల్లారే వలలు దించారు. మంచు పెట్టెల బండి వచ్చి నిలబడింది. మాలకొండమ్మ అరుగు మీద కూర్చుని ఎండురొయ్యల తలకాయలు తుంచుతోంది. తుంచిన రొయ్య చేటలో పడకుండా ఒడిలో పడింది. తీసి వేయబోతే ఇంకోటి పడింది. తన కుడిచేతి వేళ్లను చూసుకుంది. ఎవరివో వేళ్లలా ఉన్నాయి.

ఏమే రేవతీ, చెయ్యి తిమ్మిరెక్కింది, ఇట్టా రా అందామనుకుంది. మాట లోపల పూర్తిగా తయారై ఉంది. నోట్లోంచి మాత్రం "తత్తా, తత్తా" అని వచ్చింది.

కోడలు రేవతి పొయ్యి దగ్గర్నుంచి వచ్చి చూసింది. అత్త మూతి ఎడమపక్కకు లాగింది. చేట బోర్లా పడింది. రేవతి ఆమెను ఒడిసి పట్టుకుని, నెమ్మదిగా పక్కకు పడుకోబెట్టి, మొగుడికి ఫోను చేసింది. పెంచలకృష్ణ అవతల నుంచి, అమ్మను కదిలించబాక, సుప్రియకు కొడతా ఉండా, రెండు నిమిషాలు అన్నాడు. రెండు నిమిషాలు పోయి మళ్లీ చేశాడు. తియ్యడం లేదు, వైజాగ్‌లో పరీక్షలు పెట్టడానికి పోయింది కదా, ఫోను బయట పెట్టించుకుంటారేమో, ఇంకోసారి చూస్తా.

వాకిట్లో జనం పోగయ్యారు. ఒకామె చెంబుతో నీళ్లు తెచ్చింది. రేవతి పోయనివ్వలేదు. మాల్యాద్రి వచ్చి తలగడ సర్ది, డాక్టరమ్మ దొరికిందా అని అడిగాడు. దొరకలేదన్నారు.

"దొరికిందాకా చూడాల్సిందే. ఏ సూదైనా సుప్రియమ్మను అడగందే వద్దని ఈమే గదా అందరికీ చెప్పింది. ఈమెకే మనం అడక్కుండా చేయిస్తే ఎట్టా?" అన్నాడు.

అవునన్నారు అందరూ. మర్యాదగానే అన్నారు. ఆమె మాట మీద ఉన్న గౌరవంతోనే అన్నారు.

మాలకొండమ్మకు అన్నీ వినబడుతున్నాయి. ఆ మాట నేనే అన్నాను, ఇప్పుడు నేనే తీసేసుకుంటున్నాను, బండి పిలవండి అని చెప్పాలి. అంతే. అంత చిన్న సంగతి. జీవితమంతా ఆమె నోటికి ఎదురు లేదు. బేరాల్లో, పంచాయితీల్లో, చావింటి ఓదార్పుల్లో ఆమె మాటే చివరి మాట. ఇప్పుడు నోరు తెరిస్తే "తత్తా". హజరత్తయ్య గుర్తొచ్చాడు. రెండేళ్లపాటు ఆయన లోపల కూడా మాటలన్నీ ఇట్లాగే తయారై నిలబడి ఉన్నాయా? ఆమెకు చావంటే భయం వేయలేదు. ఇట్లా మిగలడం అంటే భయం వేసింది.

రేవతి అత్త కళ్లలోకి చూసింది. అక్కడ ఏం కనబడిందో, లేచి గోడ దగ్గరికి పోయి ఫోను తీసి 108కి చేసింది. ఎవరో వద్దన్నారు. మొగుడితో తిట్లు తర్వాత తింటాలే అంది.

బండి వచ్చింది. అందులో మనిషి ఆమెను నవ్వమన్నాడు, చేతులు ఎత్తమన్నాడు, పడిపోయింది ఎప్పుడని రేవతిని అడిగాడు. తలుపు వేయకముందే ఆసుపత్రికి ఫోను చేసి, ఇట్లాంటి కేసు వస్తోంది అని చెప్పాడు. ఆమె ఎవరో అతనికి తెలియదు. ఇందుకూరుపేట దాటుతుంటే మాలకొండమ్మ పైకప్పు చూస్తూ పడుకుని, ఇతను ఎవరి దగ్గర నేర్చుకున్నాడో తనకు తెలుసు గదా అనుకుంది. చెబుదామంటే నోరు లేదు.

ఆసుపత్రి వాకిట్లో స్ట్రెచర్ సిద్ధంగా ఉంది. ఎక్కడా ఆపలేదు. పేరు కూడా నడుస్తూనే రాసుకున్నారు. ఒకరు రక్తం తీశారు, ఒకరు బీపీ చూశారు, నేరుగా స్కానింగ్‌లోకి తోశారు. బయటికి వచ్చేసరికి ఒక చిన్న వయసు అమ్మాయి తెల్లకోటులో ఎదురైంది. సన్నగా, గాలికి పోయేట్టుంది. పేరు షాహనా. గూడూరు పిల్ల. సుప్రియ దగ్గర ఈ పక్షవాతం చదువే చదువుతోంది. ఆమె రేవతికి నిదానంగా చెప్పింది. రక్తం గడ్డ అడ్డం పడింది, తలలో రక్తం కారలేదు, సూది వేయడానికి ఇంకా సమయం ఉంది, గంట దాటిపోకుండా వేస్తే మంచిది.

రేవతి సరే అనబోతుండగా పెంచలకృష్ణ వచ్చాడు. గుంటలోంచి బైకెక్కినవాడు ఎక్కినట్టే వచ్చాడు. మోకాళ్ల దాకా బురద, ఒళ్లంతా రొయ్యల వాసన. ఆయాసపడుతూ అన్నాడు.

"ఆగండి. ఆమె ఎవరో తెలుసా మీకు? మీ సుప్రియ మేడమ్ వాళ్లమ్మ. మా చెల్లెలు ఫోన్ తీసిందాకా ఎవురూ ముట్టుకోబాకండి."

ఆ మాటతో గదిలో గాలి మారిపోయింది. సిరంజి పట్టుకున్న నర్సు ఒక అడుగు వెనక్కి వేసింది. స్కానింగ్ అతను బొమ్మను మళ్లీ చూశాడు. అప్పటిదాకా చకచకా నడిచిన షాహనా ఉన్నచోటే నిలబడిపోయింది. జేబులోంచి ఫోను తీసి మేడమ్‌కు చేసింది. మోగింది, మోగింది, ఆగింది. మళ్లీ చేసింది.

మాలకొండమ్మ స్ట్రెచర్ మీద నుంచి చూస్తోంది. ఊళ్లో తను అన్న మాట తనకంటే ముందే ఇక్కడికి వచ్చి కూర్చుందా అనిపించింది. ఎవరో ముసలమ్మగా ఉన్నంతసేపూ అన్నీ జరిగాయి. మేడమ్ వాళ్లమ్మ అయిన క్షణం అన్నీ ఆగాయి.

పెంచలకృష్ణ ఫోను మోగింది. సుప్రియ కాదు, మాల్యాద్రి. మా వాడి నర్సింగ్ హోముకు తీసుకురా, పెద్ద డాక్టర్లను పిలిపిస్తాడు అంటున్నాడు. పెంచలకృష్ణ ఊగిసలాడాడు. ఆ సూదితో ఏమైనా అవుతుందా అని షాహనాను అడిగాడు. ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. కొద్దిమందికి తలలో రక్తం కారవచ్చు, అప్పుడు ప్రాణానికే ప్రమాదం. ఎక్కువమందికి మేలు జరుగుతుంది, వేయకపోతే మాత్రం చెయ్యీ మాటా తిరిగి వచ్చే అవకాశం బాగా తక్కువ. పెంచలకృష్ణకు మొదటి ముక్కే చెవికెక్కింది.

"జరగరానిది జరిగితే నా చెల్లెలికి ఏం చెప్పాల నేను? నువ్వేం చెప్తావు?"

షాహనా మళ్లీ ఫోను తెర చూసింది. ఆమె చేతిలో ఫోను వణుకుతోంది.

మాలకొండమ్మ ఆ చేతిని చూసింది. ఎక్కడో చూసినట్టుంది ఈ పిల్లను. అవును, ఆ రోజు వార్డులో. మంచం పక్కన నిలబడి, సుప్రియ అడిగిన ప్రశ్నకు తడబడి, మళ్లీ సర్దుకుని జవాబు చెప్పిన పిల్ల. సుప్రియ అప్పుడు తల కొంచెం ఊపింది. కూతురు అట్లా తల ఊపడం చిన్నప్పటి నుంచి ఎరుగును ఆమె. ఎంతో బాగుంటే తప్ప ఊపదు. సుప్రియ ఎక్కడో వైజాగ్‌లో లేదు. ఇదిగో, ఇక్కడ వణుకుతోంది.

ఎడమ చెయ్యి ఇంకా ఆమె చెప్పిన మాట వింటుంది. దాన్ని ఎత్తింది. ఎత్తి షాహనా కోటు అంచు పట్టుకుంది. పట్టుకుని లాగి, ఆ చేతినే చాపి, మోచేతి మడతను ఆ పిల్ల ముందు పెట్టింది.

షాహనా కిందికి చూసింది. తర్వాత ఫోను జేబులో పెట్టేసి, కొడుకు వైపు కాకుండా మాలకొండమ్మ మొహం దగ్గరికి వంగింది.

"అమ్మా, నేను చెప్పేది తెలస్తా ఉంటే రెండు కళ్లూ మూసుకోండి."

మూసుకుంది.

"నేను చెప్పిందంతా విన్నారు గదా. ప్రమాదం కూడా చెప్పినా. సూది వద్దనుకుంటే చెయ్యి తీసేయండి. కావాలనుకుంటే నా వేళ్లు పట్టుకోండి."

మాలకొండమ్మ పట్టుకుంది. రొయ్యల తలకాయలు తుంచి తుంచి గట్టిపడ్డ చెయ్యి. ఆ పిల్లకు నొప్పి పుట్టి ఉంటుంది.

అమ్మకేం తెలుసు, ఆమె భయంలో ఉంది అన్నాడు పెంచలకృష్ణ. షాహనా ఇప్పుడు వణకలేదు.

"ఒళ్లు ఆమెది అన్నా. మనసు ఆమెది. మేడమ్ ఉన్నా ఆమెనే అడుగుతారు. మీరు పక్కకి నిలబడితే నేను పని చేసుకుంటా."

గాలికి పోయేట్టున్న పిల్ల ఆ మాట అంటుంటే, పెంచలకృష్ణకు ఎవరి గొంతో వినబడింది. నిలబడ్డచోటే తల దించుకుని, ఎక్కడ సంతకం పెట్టాలి అన్నాడు. కాగితం మీద బురద వేలిముద్ర కూడా పడింది.

సూది పడింది. మాలకొండమ్మ కళ్లు మూసుకుని, నా కూతురి చేతి సూది అనుకుంది.

సుప్రియ ఫోను ఆ తర్వాత వచ్చింది. షాహనా బీపీ చెప్పింది, షుగరు చెప్పింది, స్కానులో ఏముందో చెప్పింది, మందు పడిన సమయం చెప్పింది. అన్నీ చెప్పాక, పేషెంటు మీ అమ్మగారు మేడమ్ అంది. అవతల సుప్రియ ఏదో అడిగింది, షాహనా జవాబు చెప్పింది. పెంచలకృష్ణ ఫోను లాక్కున్నంత పని చేసి, ఏడుస్తూ, ఇప్పుడేం చెయ్యమంటావు చెల్లా అన్నాడు. ఫోను స్పీకరు మీద ఉంది. మాలకొండమ్మకు కూతురి గొంతు వినబడింది. ఏడ్చి తుడుచుకున్న గొంతు.

"నన్నడగబాకన్నా. ఆ అమ్మాయి ఏం చెబితే అది చెయ్యి. నేను వచ్చిందాకా, వచ్చినాక కూడా, అమ్మ ఆమె పేషెంటే."

ఆ సాయంత్రానికి కుడిచేతి వేళ్లు కదిలాయి. మొదట బొటనవేలు, కాసేపటికి మిగతావి. రేవతి ఆ వేళ్లను పట్టుకుని ఏడ్చింది. మాట మాత్రం రాలేదు. షాహనా వచ్చి వచ్చి చూసి పోయేది. ఈమె మీ అత్తేనా, మీ అమ్మ అనుకున్నానే అని రేవతితో అంది ఒకసారి. రేవతికి ఆ మాట ఎంతో నచ్చింది.

మర్నాడు పొద్దున రౌండ్లకు సుప్రియ వచ్చింది. చీర నలిగి ఉంది, ప్రయాణం చేసిన మొహం. ముందు ఒంటరిగా తల్లి దగ్గరికి వచ్చి, నుదురు మీద చెయ్యి పెట్టి, కాసేపు అట్లాగే నిలబడింది. ఆ తర్వాత వెనక్కి పోయి, తెల్లకోట్ల పిలకాయలతో మళ్లీ వచ్చింది. ఈసారి వచ్చింది ప్రొఫెసరు. కేసు చెప్పు షాహనా అంది.

షాహనా చెప్పడం మొదలుపెట్టింది. సగం ఇంగ్లీషు, సగం తెలుగు. మాలకొండమ్మకు తన వయసు, తన బీపీ, తన కుడిచెయ్యి వినబడ్డాయి. సుప్రియ ప్రశ్నలు వేస్తోంది. ఆ పిల్ల జవాబులు చెబుతోంది. ఇంట్లో ఆలస్యం ఎందుకయింది అని అడిగింది సుప్రియ. మీ ఫోను కోసం ఆగారు మేడమ్ అంది షాహనా. పెంచలకృష్ణ వాకిలి దగ్గర నిలబడి గోడ వైపు తిరిగాడు.

"సరే, అది ఊరు. ఇక్కడ? స్కాను అయినాక సూది పడేదానికి మధ్యలో టైం పోయింది. ఎందుకు?"

షాహనా చేతిలోని కేసు కాగితం తిప్పింది.

"నాకు రెండుసార్లు ఫోన్ చేసినావు. నేను తీసుంటే ఏం చెప్తా? నీకు తెలియంది ఏముంది అందులో? పేషెంటు మేడమ్ వాళ్లమ్మ అయితే మెదడు వేరే రకంగా ఉంటుందా?"

పిలకాయలు తలలు దించుకున్నారు. షాహనా కళ్లు నిండాయి. నిన్నటి నుంచి ఆ పిల్ల సరిగ్గా కూర్చుని ఒక ముద్ద తిన్నది లేదు. మాలకొండమ్మ చూసింది. కోపం వచ్చింది. ఆ కోపం పొట్టలోంచి గొంతులోకి, గొంతులోంచి నాలుక మీదికి పాకింది.

"ఆ బిడ్డను... ఏమీ అనబాక."

ముద్దముద్దగా, వంకరగా, కానీ అందరికీ వినబడేట్టు వచ్చింది.

సుప్రియ మెల్లగా తల్లి వైపు తిరిగింది. తల్లి ఆమెను గుర్రుగా చూస్తోంది, చిన్నప్పుడు లెక్క తప్పితే చూసినట్టు.

"సూది ఏసింది... అదే. నువ్వు కాదు" అంది మాలకొండమ్మ. ప్రతి మాటా బరువెత్తినట్టు ఎత్తింది.

ఒక పిలకాయ ముందు నవ్వాడు. తర్వాత షాహనా, ఏడుస్తూనే. సుప్రియ నవ్వలేదు. కింది పెదవి పళ్ల మధ్య పట్టుకుని, కిటికీ వైపు చూసి, మళ్లీ గొంతు సర్దుకుంది.

"చూసినారు గదా. రాసుకోండి. పూర్తి వాక్యం, అర్థం సరిగ్గా ఉంది, మనిషిని గుర్తుపట్టింది, పొరపాటు లేదు." ఒక్క క్షణం ఆగి, షాహనా వైపు తల కొంచెం ఊపింది. "మంచి పని చేసినావమ్మా."

తర్వాత మందులు మార్చి, మింగడం ఎట్లా ఉందో చూసి చెప్పమని ఒకరికి అప్పగించి, పక్క మంచానికి పోయింది. అక్కడ చిట్టమూరు నుంచి వచ్చిన రైతు ఉన్నాడు. పిలకాయలంతా ఆమె వెంట కదిలారు. వాళ్లల్లో ఒక పిల్ల రైతు చెయ్యి ఎత్తి పట్టుకుంది. సుప్రియ ఏదో అడిగింది. ఆ పిల్ల తడబడింది.

మాలకొండమ్మకు తెల్లకోట్ల వీపులే కనబడుతున్నాయి. ఆమె ఎడమ చేత్తో రేవతిని పిలిచి, మంచం తలవైపు చూపించింది.

"లేపు. ఇంకొంచెం... లేపు. మా పాప పాఠం చెప్తా ఉండాది."